సముద్రపుచేప పుట్టినిల్లు

క్రిందటి మాసమున మనము ఊరగాయ జాడీలను గూర్చి ముచ్చటించుకొంటిమి. ఆ పుట చదివిన యొక సోదరి మాకు వ్రాయుచు, తమ పిల్లలు ఉప్పునీటి అక్వేరియము కావలెనని పట్టుపట్టి కూర్చున్నారనియు, అందు ఎట్టి చేపలను పెంచదగునో తెలుపవలసినదనియు కోరియున్నది. ఊరగాయలకును చేపలకును దూరమే గాని, ఉప్పు మాత్రము రెంటికిని సామాన్యము. ఈ విషయమున మేము పండితులము గాము. ఒకసారి చేతులు కాల్చుకొన్నవారము మాత్రమే. కాలిన చేతులతో వ్రాసిన మాటలకు కొంత విలువ యుండునని తలచి యీ నెల దీనికే వినియోగించుచున్నాము.

మూడేండ్ల క్రిందట వేసవి సెలవులలో మా చిన్నవాడు "ఫైండింగ్ నీమో" అను బొమ్మల చలనచిత్రమును చూచెను. అది 2003లో వెలువడినది. నారింజవన్నె మేనిపై తెల్లని పట్టెలు గల యొక చేపపిల్ల మనుష్యుల చేజిక్కి, దంతవైద్యుని గదిలోని అద్దపుతొట్టెలో పడుటయు, దాని తండ్రి వెదకుచు సముద్రమంతయు తిరుగుటయు అందలి కథ. చేపను సముద్రమునుండి తేరాదని కథ యంతయు మొరపెట్టుచుండగా, చూచిన పిల్లవాడు మాత్రము అట్టి చేపనే తెచ్చిపెట్టుమని యేడ్చెను. పిల్లల న్యాయ మట్టిది. మాయింటివారు ఉన్నత పాఠశాలలో విజ్ఞానశాస్త్రము బోధించువారగుటచే, ఇంటనే యొక పాఠమగునుగదా యని వెంటనే యొప్పుకొనిరి.

మూడడుగుల తొట్టె వచ్చెను. ఉప్పుసంచి వచ్చెను. నీరు కలిపిన మూడవనాడే యొక యంగడినుండి క్లౌన్ ఫిష్ అనబడు పట్టెలచేపలు రెండును, ఆ చిత్రములోనే కనబడు బ్లూ టాంగ్ అను నీలిచేప యొకటియు ప్లాస్టిక్ సంచులలో మాయింటికి చేరెను. ఆ నీలిమను వర్ణింప మాకు శక్తి చాలదు. నెమలికంఠము దానిముందు వెలవెలబోవును. కాని యా చేప వచ్చినది మొదలు రాతివెనుకకు చేరి, ఏమి వేసినను నోట ముట్టలేదు. ఐదవనాటికి పొట్ట లోనికి పోయెను. తొమ్మిదవనాటి యుదయమున మేము వాకిట ముగ్గు పెట్టి లోనికి వచ్చి చూతుముగదా, అది నీటిపై వెల్లకిల తేలుచుండెను. మరి రెండు దినములకు పట్టెలచేపలలో నొకటియు దానిదారినే పోయెను.

చిన్నవాడు ఏడ్వలేదు. "అమ్మా, అది ఎక్కడ పుట్టింది?" అని మాత్ర మడిగెను. మాకు తెలియలేదు. అంగడివానికి ఫోను చేసి యడిగితిమి. "చెన్నై నుంచి వచ్చిందండీ" అనెను. చెన్నైకి ఎచ్చటనుండి వచ్చినదనగా, "అదంతా మాకెలా తెలుస్తుందమ్మా!" అని నవ్వెను. అతనిని తప్పుపట్టి ప్రయోజనమేమి? కోడలిని తెచ్చుకొనునపుడు పుట్టినింటి వారిని ఏడుతరములు విచారించు మనము, వంకాయలు కొనునపుడు సయితము ఏయూరి తోటవని యడుగు మనము, ప్రాణముగల జీవిని గడప దాటించి లోనికి తెచ్చుకొనుచు ఆ యొక్కమాట అడుగమైతిమి.

ఆ మీదట మేమును మాయింటివారును రాత్రులయందు కూర్చుండి చదివి తెలిసికొన్నదాని సారమిది. మంచినీటి తొట్టెలలో మనము పెంచు గోల్డ్ ఫిష్, గప్పీ, మోలీ మున్నగు చేపలలో మిక్కిలి భాగము చెరువులలోను తొట్టెలలోను మనుష్యులచేత పుట్టింపబడినవే. సముద్రపుచేపల సంగతి దీనికి తలక్రిందు. అంగళ్ల కెక్కు వానిలో అధికభాగము నేటికిని పగడపుదిబ్బల నుండి పట్టి తెచ్చినవే. ఇందుకు కారణ మున్నది. నీలిచేపవంటివి గ్రుడ్లను పట్టి కాపాడక నడిసముద్రమున విడిచివైచును. అందుండి వెలువడు పిల్ల కనురెప్ప వెండ్రుకకన్నను చిన్నది. దాని నోటికి పట్టు తిండి యింకను చిన్నది. వారములకొలది అది అలలపై తేలియాడుచు రూపు దిద్దుకొనవలెను. అట్టి శిశువునకు ఉగ్గుపాలు కనుగొనుటయే శాస్త్రజ్ఞులకు పెద్దపని యైనది. హవాయి ద్వీపములలోని ఓషియానిక్ ఇన్‌స్టిట్యూటువారు పసుపుపచ్చని టాంగ్‌ను 2015లో తొట్టెలలో పెంచి పెద్దచేయగలిగిరి. నీలిచేపను ఫ్లోరిడా విశ్వవిద్యాలయమువారు 2016లో పెంచిరి. ఎన్నియేండ్ల ప్రయత్నమునకు అది ఫలము! అయినను అంగడిలో కనబడు నీలిచేప సముద్రమునుండి పట్టి తెచ్చినదేయని తలంచుట మంచిది.

ఇక పట్టు విధము. దీనిని వ్రాయుటకు చేయి రాకున్నది, కాని వ్రాయక తప్పదు. ఫిలిప్పైన్సు ద్వీపములయందు 1960ల దశకమునుండి యొక దురాచారము ప్రబలినది. సోడియం సైనైడు బిళ్లలను నీట కరగించి సీసాలో పోసికొని, చేపలు దాగియున్న పగడపుసందులలో చిమ్ముదురు. చేప తూలి స్పృహతప్పును. చేతికి సులభముగా దొరకును. కొన్ని అక్కడనే చచ్చును. కొన్ని తేరుకొని, పైకి చక్కగానే కనబడుచు, చేతులు మారి, సముద్రములు దాటి, ఎవరి యింటనో కొలదిదినములకు కన్నుమూయును. చుట్టునున్న పగడపుజీవులును ఆ విషమునకు తెల్లబడి నశించును. చట్టము నిషేధించినను ఆ యాచారము పూర్తిగా మాసిపోలేదు. మా నీలిచేప యట్లు పట్టబడినదో, మాచేతనే చచ్చినదో నేటికిని మేము చెప్పజాలము.

పట్టువారందరును ఇట్టివారని తలంపరాదు. చిన్న చేతివలతో మెలకువగా పట్టి, దానితోనే పిల్లలకు కూడుపెట్టుకొను బెస్తకుటుంబములు ఆ ద్వీపములందు పెక్కు గలవు. దిబ్బ బ్రదికియున్నంతవరకే తమ బ్రదుకని వారికిని తెలియును. మనమందరము తొట్టెలో పుట్టిన చేపలనే కొనిన యెడల వారి గతి యేమని మాయింటివారు మమ్ము అడిగిరి. ఆ ప్రశ్నకు మాయొద్ద నిండైన యుత్తరము లేదు. కాని మన యూరి యంగడి గుమ్మమున నిలుచున్న యిల్లాలికి ఏచేప చేతివలలో పడినదో, ఏచేప విషమునకు చిక్కినదో కనుగొను సాధనమును లేదు. తెలిసికొన వీలులేనిచోట మేము తెలిసినదానినే కోరుకొందుము.

బాంగాయి కార్డినల్ అను నొక చేప గలదు. వెండిమేనిపై నల్లని పట్టెలు, తెల్లని చుక్కలు, పొడుగైన రెక్కలు కలిగి, కాటుక దిద్దిన పెండ్లికూతురువలె నుండును. ఇండోనేషియాలోని సులవేసికి తూరుపున బాంగాయి ద్వీపములచుట్టు తప్ప ఇది సహజముగా మరెక్కడను లేదు. తల్లి పెట్టిన గ్రుడ్లను తండ్రి తన నోట నుంచుకొనును. సుమారు ఇరువది దినములు గ్రుడ్లను, పిల్లలైన పిమ్మట మరి పదిదినములు పిల్లలను నోటనే మోయును. అంతకాలమును ఆహారము ముట్టడు. పురుషుడు నెల దినములు నోరు మూసికొని యుపవసించుట మేము వినిన వింతలలో నొకటి. 1990ల దశకమున ఈ చేప అంగళ్ల కెక్కినది మొదలు దీనిని తండోపతండములుగా పట్టసాగిరి. 2007 నాటికి అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘమువారు దీనిని అంతరించు ప్రమాదమున నున్న జాతులలో చేర్చిరి. తక్కినచేపల పిల్లలు కెరటములపై బోయి మరియొక దిబ్బను చేరును. దీని పిల్లలు మాత్రము తండ్రి నోటినుండి వెడలి ఆచోటనే నిలుచును. కాబట్టి ఒకచోట వలవేసి యూడ్చిన యెడల ఆచోటు చిరకాలము శూన్యముగనే యుండును. అయితే ఏ గుణము దీనికి శత్రువైనదో ఆ గుణమే మిత్రమును నగుచున్నది. పుట్టుటతోడనే పిల్ల పెద్దదగుటచేతను, అలలపై తిరుగు శైశవము లేకుండుటచేతను దీనిని తొట్టెలో పుట్టించుట సులభము. అట్లు పుట్టిన కార్డినల్ చేపలు దొరకుచున్నవి. వానినే కొనవలెను, తక్కినవానిని తాకనైన తాకరాదని మా యభిప్రాయము.

కాని మొదటిసారి ఉప్పునీటి తొట్టె పెట్టు సోదరీమణులకు పట్టెల క్లౌన్ చేపకు మించినది లేదు. 1970ల దశకమునందే అమెరికాలో దీనిని తొట్టెలలో పుట్టించి యమ్మసాగిరి. మనదేశమున కేంద్రీయ సముద్ర మత్స్య పరిశోధనా సంస్థవారు రామేశ్వరమునకు చేరువనున్న మండపములోను, కేరళములోని విళింజములోను పలురకముల క్లౌన్ చేపలను పుట్టించు విధానములను సాధించిరి. లక్షద్వీపములలోని అగత్తియందు జాతీయ మత్స్య జన్యువనరుల సంస్థవారు ద్వీపపు స్త్రీలకు పిల్లచేపలను, చిన్న సింగారపు రొయ్యలను ఇచ్చి, పెంచి యమ్ముకొను విద్యను నేర్పిరి. పగడపుదిబ్బ ముంగిటనే కాపురముండు స్త్రీలు దిబ్బను ముట్టక, ఇంటిప్రక్క తొట్టెలలో చేపలను సాకుచున్నారని చదివినపుడు మాకు కలిగిన సంతోష మింతింత గాదు. మనమిచ్చు రూపాయి అట్టిచోటికి చేరుట మేలుగదా.

ఈ చేపల సంసారము చెప్పుకొనదగినది. గ్రుడ్డునుండి వచ్చిన ప్రతి పిల్లయు మొదట మగదియే. ఒక గుంపులో నెల్లవానికన్న పెద్దది ఆడుదగును. దాని తరువాతిది మగడగును. తక్కినవి చిన్నవిగనే యణగియుండును. గృహిణి మరణించినచో మగడే కొలది కాలమునకు ఆడుదిగా మారి యింటి పెత్తనము వహించును, చిన్నవానిలో పెద్దది మగని పీట నెక్కును. యమునాజలములయందు తపము సల్పుచుండిన సౌభరి మహాముని మీనముల సంసారమును చూచి గృహస్థాశ్రమమును కోరెనని భాగవతమున చదివియున్నాము. ఆ ముని చూచినవి క్లౌన్ చేపలైనచో, మాంధాత కూతుండ్ర నేబదిమందిని వివాహమాడుటకు ముందు మరికొంత యాలోచించియుండును.

ఆలి రాతిపై వందలకొలది గ్రుడ్లు పెట్టగా మగడు రేయుంబవళ్లు రెక్కలతో విసరును. చెడిన గ్రుడ్లను నోటితో ఏరివేయును. ఏడెనిమిది దినములకు ప్రొద్దుగ్రుంకిన పిదప చీకటిలో పిల్లలు వెలువడును. హేచరీలలో వానిని వేరుచేసి, మొదట రోటిఫరులను సూక్ష్మజీవులను, పిదప ఆర్టీమియాను వేయుదురు. మన కోస్తాతీరమున రొయ్యపిల్లల హేచరీలలో పనిచేయువారి యిండ్లలో ఈ ఆర్టీమియా పేరు వినని వారుండరు. రెండువారములలో పిల్లలకు పట్టెలు దిగి, రూపు తల్లిదండ్రులను బోలును. ఇట్లు పెరిగిన చేపకు మనిషి చేయి క్రొత్తగాదు, అద్దము క్రొత్తగాదు, గుళికల తిండి క్రొత్తగాదు. అనిమోని యను పూవువంటి సముద్రజీవి చాటున బ్రదుకుట దీని కులాచారమని యెల్లరు నెరుగుదురు. కాని తొట్టెలో శత్రుభయము లేదు గనుక అది లేకయు నిది సుఖముగ జీవించును. అనిమోనికొరకు వెదకవలదు. మనదేశపు సముద్రమునుండి పగడములను తీయుట సయితము నేరము. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమునందు 2001లో పగడములును, సముద్రపుగుఱ్ఱములును చేర్పబడినవి. గుఱ్ఱపుమోము గల యా ముద్దుచేపను ఎవడైన చాటుగా నమ్మజూపిన యెడల, బేరమాడక వెనుదిరుగుడు. బండలకు బదులు కాల్చిన మట్టిపెంకులు, పూలకుండీ ముక్కలు చేపలకు చాలును.

అంగడిలో చేయవలసిన దేమనగా, మొదట "ఇది తొట్టెలో పుట్టినదా, సముద్రమున పట్టినదా? ఏ హేచరీనుండి వచ్చినది?" అని యడుగుడు. ఉత్తరము తడబడినచో ఆ చేప వలదు. ఉత్తరము చక్కగ వచ్చినను సంచి కట్టింపక, మీకన్నులయెదుట దానికి గుళికలు వేయుమనుడు. పరుగెత్తివచ్చి తినిన చేపనే కొనుడు. సిగ్గుపడవలదు, చీర కొనునపుడు నాలుగుసార్లు విప్పించి చూచు మనకు ఇందు మాత్రము మొగమోటమేల? వన్నె చూచి మోసపోకుడు. మాండరిన్ అను రంగులచేప మిక్కిలి సొగసుగా నుండును, కాని సముద్రమున పట్టినది ప్రాణముతో కదలు పురుగులనే గాని తినదు. చిన్న తొట్టెలో ఆకటితో క్రమముగా చిక్కి చచ్చును. పగడమునే మేసి బ్రదుకు సీతాకోకచేపలు కొన్ని కలవు. వానిని తెచ్చుట యన్న వాని యన్నము తీసివైచుటయే.

నీలిచేప విషయమున సత్యవ్రతరాజును తలచుకొనుడు. జలతర్పణము చేయునపుడు దోసిట పడిన చేపపిల్లను ఆయన కమండలువున నుంచెను, అది చాలలేదు. పెద్దపాత్ర చాలలేదు, సరస్సు చాలలేదు, తుదకు సముద్రమునందే విడువవలసివచ్చెను. అంగడిలో రెండంగుళములున్న నీలిచేప పెరిగి అడుగు పొడవగును, దినమంతయు నీదుచుండును. మా మూడడుగుల తొట్టె దానికి కమండలువుకన్న ఎక్కువ గాదు. మన తొట్టెలోని చేపను మాత్రము ఏ చెరువునను సముద్రమునను విడువరాదు. మనవైపు సముద్రముల లయన్ ఫిష్ 1985లో ఫ్లోరిడా తీరమున కనబడెను. తొట్టెలు పెంచువారు విడిచినవే అని తలచుచున్నారు. నేడది యచ్చటి చిన్నచేపలను మ్రింగుచు తీరమంతయు వ్యాపించియున్నది.

ఇక మా తప్పు. క్రొత్త తొట్టెలో చేపల మలమునుండి అమ్మోనియా పుట్టును. అది చేపకు విషము. దానిని నైట్రైటుగా, నైట్రైటును అంత బాధింపని నైట్రేటుగా మార్చు సూక్ష్మజీవులు ఫిల్టరులో నెలకొనుటకు నాలుగుమొదలు ఆరువారములు పట్టును. తోడు వేసిన పాలు పెరుగగుటకు రాత్రియంతయు కదల్పక యుంచు మనము, మూడవనాడే చేపలను అందు వేసితిమి. అంగడిలో దొరకు పరీక్షమందులతో అమ్మోనియా, నైట్రైటు రెండును శూన్యమని తేలువరకు ఆగవలెను. వంటయుప్పు పనికిరాదు, సముద్రపుతొట్టెలకై చేసిన ఉప్పును లీటరునకు సుమారు 35 గ్రాముల చొప్పున, శుద్ధిచేసిన నీట కలుపవలెను. ఎండలకు నీరు ఆవిరియగును గాని ఉప్పు ఆవిరి కాదు. కాబట్టి తగ్గిన మేర మంచినీరే పోయవలెను, ఉప్పునీరు పోసినచో ఉప్పదనము పెరిగిపోవును. కరెంటు పోయినపుడు పనిచేయు బ్యాటరీ గాలిపంపు ఒకటి తప్పక యుండవలెను. ఇదంతయు దినదినము ఎవరు చేయుదురని తొట్టె కొనకమునుపే యింట తేల్చుకొనుడు. కొనువారు పురుషులును, బకెట్లు మోయువారు మనమును అగుట అన్నియిండ్లలోను కలదు. మాయింట ఆదివారపు నీటిమార్పు ఉపాధ్యాయులవారిదని గోడపై వ్రాసియుంచితిమి. పరీక్షాపత్రములు దిద్దు కాలమున మాత్రము సడలింపు కలదు.

ఆరువారములు ఉత్తనీటిని చూచుచు గడపిన పిమ్మట, హేచరీనుండి వచ్చినవని చీటి చూపిన క్లౌన్ చేపల జంటను తెచ్చితిమి. అప్పటికిని బ్రదికియున్న పాతచేపను, జగడములాడునని భయపడి, పెద్దతొట్టె గల యొక స్నేహితురాలికి ఇచ్చితిమి. క్రొత్తవి రెండును వచ్చిననాటి సాయంకాలమే గుళికలు తినెను. ఏడాదిన్నర యైనది. పెద్దది గృహిణి యైనది, కోపిష్టి. అద్దము తుడుచునపుడు చేతిని పొడుచును. గత మాఘమాసమున పూలకుండీ లోపలివైపున నారింజవన్నె గ్రుడ్లు కనబడెను. మగచేప ఎనిమిదినాళ్లు విసరుచునే యుండెను. తొమ్మిదవ యుదయమున గ్రుడ్లు లేవు, పిల్లలును లేవు. చీకటిలో పుట్టి చీకటిలోనే ఫిల్టరు పాలైనవి గాబోలు. మాయింటివారు ఈసారి రోటిఫరులను సంపాదించి వేరుతొట్టె సిద్ధముచేసిరి. చిన్నవాడు పంచాంగము ప్రక్కన దినములు లెక్కవేసి గీతలు గీయుచున్నాడు. నిన్నటి కది ఆరవ గీత.